1776కీ 1789కీ మధ్య అమెరికాను నడిపిన పత్రం ఏది? ఆ మొదటి రాజ్యాంగం ఎలా పుట్టింది?

అమెరికా పౌరసత్వ పరీక్షకు చదువుకుంటూ మీరు అడిగిన ప్రశ్న ఇదీ: స్వాతంత్ర్య ప్రకటన 1776 జులై 4న వచ్చింది, రాజ్యాంగం రాసింది 1787లో, జార్జ్ వాషింగ్టన్ అధ్యక్షుడైంది 1789లో. మరి ఈ మధ్య కాలంలో దేశాన్ని ఎవరు, ఏ కాగితం ప్రకారం నడిపారు? ఆ కాగితాన్ని ఎందుకు, ఎలా రద్దు చేశారు?

సూటిగా చెప్పాలంటే దాని పేరు ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్. పదమూడు అధికరణలున్న చిన్న పత్రం. 1777 నవంబరు 15న కాంగ్రెస్ ఆమోదించింది, 1781 మార్చి 1న అమల్లోకి వచ్చింది, 1789లో కొత్త ప్రభుత్వం మొదలయ్యే దాకా ఉంది. చాలా పుస్తకాలు దీన్ని "బలహీనమైన కేంద్రం, విఫలమైన ప్రయోగం" అని రెండు ముక్కల్లో తేల్చేసి 1787కు దూకేస్తాయి. డిగ్రీ పిల్లలకు ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్నవాణ్ని కాబట్టి ఈ తేల్చేయడం నాకు అస్సలు నచ్చదు. ఆ పత్రంలో బలహీనంగా కనిపించే ప్రతి వాక్యం వెనకా ఒక అసలైన తగాదా ఉంది. ఆ తగాదాలు తెలిస్తేనే 1787 రాజ్యాంగం కూడా అర్థమవుతుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

1776 జూన్ 7న ఫిలడెల్ఫియాలో వర్జీనియా ప్రతినిధి రిచర్డ్ హెన్రీ లీ, పదమూడు బ్రిటిష్ వలసల (తర్వాత ఇవే రాష్ట్రాలయ్యాయి) ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్ ముందు ఒక తీర్మానం పెట్టాడు. అందులో మూడు సంగతులున్నాయి: బ్రిటన్ నుంచి విడిపోవాలి, విదేశాలతో పొత్తులు కుదుర్చుకోవాలి, వలసలన్నీ కలిసి ఉండేందుకు ఒక సమాఖ్య ప్రణాళిక తయారు చేసుకోవాలి. మొదటి దాని నుంచి జెఫర్సన్ రాసిన స్వాతంత్ర్య ప్రకటన పుట్టింది, అది అందరికీ తెలుసు. మూడో దాని కోసం జూన్ 12న ఒక్కో వలసకు ఒక్కరు చొప్పున కమిటీ వేశారు. ముసాయిదా రాసే పని పెన్సిల్వేనియా ప్రతినిధి జాన్ డికిన్సన్ మీద పడింది.

ఈ డికిన్సన్ గురించి తెలుసుకోవాలి. బ్రిటిష్ పార్లమెంటు వేసిన పన్నులను ఖండిస్తూ వ్యాసాలు రాసి వలసలన్నిటా పేరు తెచ్చుకున్న లాయరు. అయినా స్వాతంత్ర్యం ప్రకటించడానికి ఇంకా సమయం రాలేదని వాదించాడు. ముందు మన మధ్య కట్టుబాటు ఉండాలి, విదేశీ సాయం ఖాయం కావాలి, ఆ తర్వాతే తెగతెంపులు అన్నది ఆయన మాట. జులై 2న ఓటింగ్ నాడు సభకు రాకుండా పక్కకు తప్పుకున్నాడు, ప్రకటన మీద సంతకం చేయలేదు. ఆ వెంటనే తన పటాలంతో యుద్ధానికి వెళ్లాడు. అంటే ఈ దేశానికి మొదటి పాలనా ప్రణాళిక రాసింది స్వాతంత్ర్య ప్రకటనకు ఒప్పుకోని మనిషి!

జులై 12న ముసాయిదా సభ ముందుకు వచ్చింది. 80 ప్రతులే అచ్చు వేయించి సభ్యులకు మాత్రమే ఇచ్చారు, బయట ఎవరికీ చూపకూడదన్నారు. డికిన్సన్ రాసినదాంట్లో కేంద్రానికి బాగానే బలం ఉంది. రాష్ట్రాల సరిహద్దులు తేల్చే అధికారం కూడా కాంగ్రెస్‌దే. చర్చ మొదలవగానే మూడు చోట్ల ముడిపడింది.

మొదటిది ఓటు. కాంటినెంటల్ కాంగ్రెస్‌లో మొదటి నుంచీ రాష్ట్రానికి ఒక్క ఓటు. తర్వాత 1790లో జరిగిన మొదటి జనగణన లెక్క చూస్తే వర్జీనియాలో సుమారు 7.47 లక్షల మంది, డెలావేర్‌లో 59 వేల మంది. ఇద్దరికీ ఒకే ఓటా అని పెద్ద రాష్ట్రాల వాళ్లు అడిగారు. సమానంగా ఓటు వేసేవాళ్లు డబ్బు కూడా సమానంగా ఇవ్వాలి కదా అన్నాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. న్యూజెర్సీ ప్రతినిధి జాన్ విథర్‌స్పూన్ ఒప్పుకోలేదు. పెద్దవాళ్ల పెత్తనం భరించలేక బ్రిటన్ మీద తిరగబడ్డాం, ఇప్పుడు మరో పెద్దవాడి కింద చేరడమేమిటన్న భయం చిన్న రాష్ట్రాలన్నిటికీ ఉంది. ఈ తగాదాలో గెలిచింది చిన్న రాష్ట్రాలే.

రెండోది ఖర్చు. యుద్ధానికయ్యే ఉమ్మడి ఖర్చును రాష్ట్రాల మధ్య ఎలా పంచాలి? జనాభా లెక్కన అని డికిన్సన్ రాశాడు. బానిసలను ఆ లెక్కలో కలపాలా వద్దా? 1776 జులై 30న సభలో నడిచిన వాదన జాన్ ఆడమ్స్ రాసుకున్న నోట్స్‌లో ఉంది. దక్షిణ కరోలినా ప్రతినిధి థామస్ లించ్ లేచి, బానిసలు మా ఆస్తి అవునా కాదా అన్న చర్చే పెడితే ఈ సమాఖ్య ఇక్కడితో సరి అన్నాడు. భూమి మీద, గొర్రెల మీద, పశువుల మీద వేయని పన్ను బానిసల మీద మాత్రం ఎందుకని అడిగాడు. దానికి ఫ్రాంక్లిన్ జవాబిచ్చాడు: గొర్రెలకూ బానిసలకూ తేడా ఉంది, గొర్రెలు ఎప్పటికీ తిరుగుబాటు చేయవు. "మనుషులందరూ సమానంగా పుట్టారు" అని అచ్చు వేయించి నెల కూడా కాలేదు. అదే సభలో మనుషులను ఏ లెక్కలో వేయాలని ఈ బేరం నడిచింది. పాఠం చెప్పేటప్పుడు ఈ రోజు దగ్గర ఆగకుండా ముందుకు వెళ్లడం నాకు చేతకాదు. ఎందుకంటే 1787 రాజ్యాంగాన్నీ ఆ తర్వాత అంతర్యుద్ధం దాకా దేశాన్నీ పట్టి పీడించిన ప్రశ్న ఇక్కడే బయటపడింది.

చివరికి జనాభా లెక్క వదిలేసి, సర్వే అయిన భూమి, దాని మీద ఉన్న కట్టడాల విలువను బట్టి ఖర్చు పంచాలని 1777 అక్టోబరులో తీర్మానించారు. ఈశాన్యాన ఉన్న న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు నాలుగూ వ్యతిరేకించాయి, ఎందుకంటే అక్కడి భూమి చాలావరకు సాగులోకి వచ్చి ధర పలుకుతోంది. విచిత్రం ఏమిటంటే ఆ భూముల విలువ కట్టడం ఎప్పుడూ జరగలేదు. 1783లో మళ్లీ జనాభా లెక్కకే వచ్చి, ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కించాలని సవరణ ప్రతిపాదించారు. అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోకపోవడంతో అది ఆగిపోయింది. 1787లో ఫిలడెల్ఫియాలో రాసిన రాజ్యాంగంలో కనిపించే "ఐదింట మూడు వంతులు" ఇక్కడి నుంచి వెళ్లిందే.

మూడోది పడమటి భూములు. దీనికి తర్వాత వస్తాను, అసలు కథంతా అక్కడే ఉంది.

ఈ చర్చ ప్రశాంతంగా నాలుగు గోడల మధ్య సాగిందనుకోకండి. 1776 ఆగస్టు చివర్లో లాంగ్ ఐలాండ్ దగ్గర వాషింగ్టన్ సైన్యం ఓడింది, న్యూయార్క్ నగరం పోయింది. డిసెంబరులో కాంగ్రెస్ బాల్టిమోర్‌కు పారిపోయింది, వసంతంలో తిరిగొచ్చింది. 1777 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా కూడా బ్రిటిష్ చేతుల్లోకి వెళ్లడంతో లాంకాస్టర్‌లో ఒక్కరోజు సభ పెట్టి, సస్క్వెహానా నది దాటి యార్క్ అనే చిన్న ఊరికి చేరింది. అక్కడి కోర్టు భవనంలోనే సమావేశాలు. కాగితం డబ్బు విలువ పడిపోతోంది, ఫ్రాన్స్‌తో పొత్తు కుదరాలంటే ఒక దేశంలా కనిపించాలి. అందుకే ఏడాదికి పైగా నలుగుతున్న ముసాయిదాను మళ్లీ బయటికి తీసి, అక్టోబరు, నవంబరు నెలల్లో పూర్తి చేశారు.

ఈ మధ్యలో ఒక మనిషి ముసాయిదా స్వభావమే మార్చేశాడు. ఉత్తర కరోలినా నుంచి కొత్తగా వచ్చిన థామస్ బర్క్. 1777 ఏప్రిల్‌లో డికిన్సన్ ముసాయిదా చదివి, ఇందులో రాష్ట్రాలకు మిగిలేది ఏమీ లేదని గుర్తించాడు. స్పష్టంగా కాంగ్రెస్‌కు అప్పగించిన అధికారాలు తప్ప మిగతావన్నీ రాష్ట్రాలవే, ప్రతి రాష్ట్రం తన సార్వభౌమాధికారాన్నీ స్వేచ్ఛనూ స్వాతంత్ర్యాన్నీ నిలుపుకుంటుంది అని సవరణ పెట్టాడు. పదకొండు రాష్ట్రాలు బలపరిచాయి. అదే రెండో అధికరణ అయింది. చరిత్ర పుస్తకాల్లో బర్క్ పేరు అరుదుగా వస్తుంది. నా లెక్కలో మాత్రం ఆర్టికల్స్‌కు డికిన్సన్ ఎంత రచయితో బర్క్ కూడా అంతే.

పత్రం సారం ఇదీ. మొదటి అధికరణ దేశం పేరు ఖాయం చేసింది: యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా. మూడోది దీన్ని రాష్ట్రాల మధ్య గట్టి స్నేహ కూటమి అంది. ఇప్పటి కాంగ్రెస్‌లా రెండు సభలు కావు, ఒకటే సభ. ఏటా రాష్ట్రాలే ప్రతినిధులను పంపుతాయి, రాష్ట్రానికి ఇద్దరికి తగ్గకుండా ఏడుగురికి మించకుండా. ఆరేళ్లలో మూడేళ్లకు మించి ఎవరూ కూర్చోకూడదు. యుద్ధం, సంధి, నాణేలు, అప్పు వంటి పెద్ద విషయాలకు పదమూడింట తొమ్మిది రాష్ట్రాల ఓటు కావాలి. పత్రాన్ని సవరించాలంటే పదమూడూ ఒప్పుకోవాలి. దేశాధ్యక్షుడు లేడు. కాంగ్రెస్‌కు ప్రెసిడెంట్ ఉండేవాడు, కానీ ఆయన సభాధ్యక్షుడు మాత్రమే. మామూలు కేసులు వినే జాతీయ కోర్టులు లేవు. అన్నిటికంటే ముఖ్యంగా, కాంగ్రెస్ పన్ను వేయలేదు, వాణిజ్యాన్ని నియంత్రించలేదు. రాష్ట్రాలను డబ్బు అడగగలదు, అంతే.

ఇక పడమటి భూముల సంగతి. రాష్ట్రాలన్నీ ఆమోదిస్తేనే పత్రం అమల్లోకి వస్తుంది. వర్జీనియా 1777 డిసెంబరులోనే ముందుగా ఆమోదించింది. 1779 మొదటికల్లా పన్నెండు రాష్ట్రాలు సరేనన్నాయి. మేరీలాండ్ ఒక్కటే ససేమిరా అంది. కారణం ఏమిటంటే, 1609 నాటి రాజపత్రం చూపించి వర్జీనియా పడమటి భూములన్నీ తనవే అంటోంది. ఇప్పటి కెంటకీ, ఒహాయో, ఇండియానా, ఇలినాయ్ అన్నీ అందులోవే. మేరీలాండ్‌కు అలాంటి హక్కు ఏదీ లేదు. రేపు వర్జీనియా ఆ భూములు అమ్ముకుని యుద్ధపు అప్పు తీర్చేస్తుంది, పన్నులు తగ్గిస్తుంది, మా జనమంతా అక్కడికే పోతారు, మేము ఖాళీ అవుతాం అన్నది మేరీలాండ్ వాదన. అందరి రక్తంతో గెలిచే భూమి అందరిదీ కావాలంది. ఇందులో న్యాయం ఉంది, స్వార్థమూ ఉంది. మేరీలాండ్ పెద్దలు కొందరికి పెట్టుబడులున్న భూమి కంపెనీలు పడమట మూలవాసి తెగల దగ్గర నేరుగా కొన్నామని దస్తావేజులు పట్టుకు తిరుగుతున్నాయి. వర్జీనియా ఆ కొనుగోళ్లను ఒప్పుకోదు. ఆ నేల మీద అప్పటికే బతుకుతున్న తెగలను మాత్రం ఇరుపక్షాల్లో ఎవరూ అడగలేదు.

1780లో న్యూయార్క్ తన హక్కులు వదులుకుంటానంది. ఆ అక్టోబరు 10న కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది: రాష్ట్రాలు వదిలిన భూమిని అందరి ప్రయోజనం కోసం వాడతాం, అక్కడ కొత్త రాష్ట్రాలు ఏర్పరుస్తాం, వాటికి పాతవాటితో సమానమైన హక్కులుంటాయి. 1781 జనవరిలో వర్జీనియా కూడా షరతులతో దిగొచ్చింది. సరిగ్గా అప్పుడే బ్రిటిష్ ఓడలు చెసపీక్ అఖాతంలో తిరుగుతున్నాయి. మేరీలాండ్ ఫ్రాన్స్ నౌకాదళం సాయం కోరింది, ముందు ఆర్టికల్స్ ఆమోదించండి అని ఫ్రెంచి రాయబారి లా లూజర్న్ నచ్చజెప్పాడు. మార్చి 1న మేరీలాండ్ తరఫున జాన్ హాన్సన్, డేనియల్ కారోల్ సంతకాలు పెట్టారు. రాసిన మూడేళ్ల మూడు నెలలకు పత్రానికి ప్రాణం వచ్చింది. అప్పటి దాకా యుద్ధం నడిపిందీ, 1778లో ఫ్రాన్స్‌తో ఒప్పందం చేసుకుందీ ఆమోదం పొందిన రాజ్యాంగమేదీ లేని కాంగ్రెస్సే.

మేరీలాండ్ మొండితనం వల్ల జరిగిన ఆలస్యం గురించే పుస్తకాలు రాస్తాయి. నన్నడిగితే ఆర్టికల్స్ కాలంలో దేశానికి జరిగిన అతి పెద్ద మేలు కూడా దాని నుంచే వచ్చింది. పడమటి భూమి ఉమ్మడి ఆస్తి అయింది కాబట్టే 1785లో దాన్ని కొలిచే చట్టం వచ్చింది. ఆరు మైళ్ల చదరంలో ఒక టౌన్‌షిప్, అందులో 36 సెక్షన్లు, ఒక్కో సెక్షన్ 640 ఎకరాలు, ఎకరం కనీసం ఒక డాలరు, పదహారో సెక్షన్ బడుల కోసం. మధ్య పశ్చిమ రాష్ట్రాల మీదుగా పగటిపూట విమానంలో వెళ్లినప్పుడు కింద గళ్లుగళ్లుగా కనిపించే పొలాలకు మూలం ఈ చట్టమే. 1787 జులై 13న వచ్చిన నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్ ఇంకో అడుగు వేసింది: 60 వేల మంది స్వతంత్ర జనాభా చేరగానే కొత్త రాష్ట్రం కావచ్చు, అక్కడ బానిసత్వం ఉండకూడదు. "బలహీనమైన" కాంగ్రెస్ చేసిన చట్టం ఇది.

ఇక వైఫల్యాలు. డబ్బుతోనే మొదలయ్యాయి. అన్నదమ్ములు వేరు కాపురాలు పెట్టి, ఉమ్మడి ఖర్చుకు ఎవరి వీలును బట్టి వాళ్లు ఇవ్వండి అనుకుంటే ఏమవుతుందో అదే అయింది. 1782 ఖర్చుల కోసం 80 లక్షల డాలర్లు అడిగితే 1784 మొదలయ్యేనాటికి 15 లక్షలు కూడా రాలేదు. దిగుమతుల మీద 5 శాతం సుంకం వేసుకునేలా సవరణ కోరితే 1782 నవంబరులో రోడ్ ఐలాండ్ ఒక్కటే కాదంది. పదమూడు కావాలి కాబట్టి సవరణ పడిపోయింది. 1783లో ఇంకోసారి ప్రయత్నించారు, ఈసారి న్యూయార్క్ అడ్డుపడింది. 1783 జూన్‌లో జీతాలు అందని సైనికులు ఫిలడెల్ఫియాలో సభ జరిగే భవనాన్ని చుట్టుముట్టారు. రాష్ట్ర పటాలాన్ని పిలవడానికి పెన్సిల్వేనియా ప్రభుత్వం ఒప్పుకోలేదు. కాంగ్రెస్ ప్రిన్స్‌టన్‌కు వెళ్లిపోయింది, అక్కడి నుంచి అనాపోలిస్, ట్రెంటన్, చివరికి న్యూయార్క్.

అనాపోలిస్‌లో జరిగిన ఒక సంగతి చెబితే మీకు పరిస్థితి పూర్తిగా తెలుస్తుంది. బ్రిటన్‌తో పారిస్ ఒప్పందం 1783 సెప్టెంబరు 3న కుదిరింది. ఆరు నెలల్లో రెండు పక్షాలూ ఆమోదించిన పత్రాలు మార్చుకోవాలి, ఓడలో అట్లాంటిక్ దాటడానికే వారాలు పడుతుంది. సంధికి తొమ్మిది రాష్ట్రాలు కావాలి. డిసెంబరు 23న వాషింగ్టన్ సైన్యాధిపత్యానికి రాజీనామా ఇచ్చిన రోజున సభలో ఉన్నది ఏడు రాష్ట్రాల వాళ్లే. ఎనిమిదేళ్ల యుద్ధానికి ముగింపు పలికే కాగితం బల్ల మీద ఉంది, ఓటు వేసే మనుషులు లేరు. దక్షిణ కరోలినా ప్రతినిధి ఒకరు ఫిలడెల్ఫియాలో జబ్బుపడి ఉన్నాడు. మిగతా సభంతా ఆయన మంచం దగ్గరికే వెళ్లి ఓటింగ్ పెడదామా అని కూడా ఆలోచించారు. చివరికి ఆయనే వచ్చాడు, కనెక్టికట్ వాళ్లూ వచ్చారు. 1784 జనవరి 14న తొమ్మిది రాష్ట్రాలతో ఒప్పందం ఆమోదం పొందింది.

1786లో పశ్చిమ మసాచుసెట్స్ రైతులు అప్పులకూ పన్నులకూ తట్టుకోలేక కోర్టులను అడ్డుకున్నారు. డేనియల్ షేస్ నాయకత్వంలో 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్లారు. ఆ ఆయుధాగారం కాంగ్రెస్‌దే, కాపాడుకునే సైన్యం మాత్రం కాంగ్రెస్‌కు లేదు. మసాచుసెట్స్ ప్రభుత్వం బోస్టన్ వ్యాపారుల చందాలతో సైన్యం దించింది. అంతకు ముందు సెప్టెంబరులో వాణిజ్యం గురించి మాట్లాడదామని అనాపోలిస్‌లో సమావేశం పెడితే ఐదు రాష్ట్రాల నుంచి పన్నెండు మందే వచ్చారు. ఫిలడెల్ఫియాలో మళ్లీ కలుద్దామని అక్కడి నుంచే రాష్ట్రాలన్నిటికీ పిలుపు వెళ్లింది. ఆ తర్వాతి కథ మీరు చదువుతున్న పుస్తకంలో ఉంది.

ఇంత తెలివైనవాళ్లు పన్ను అధికారం లేకుండా ప్రభుత్వం ఎలా రాశారని విద్యార్థులు తరచూ అడుగుతారు. వాళ్లకు తెలియక కాదు. దూరాన కూర్చున్న పార్లమెంటు తమ అనుమతి లేకుండా పన్ను వేసిందనే కదా యుద్ధానికి దిగారు. ఆ యుద్ధం నడుస్తుండగానే మరో దూరపు సభకు అదే అధికారం ఇవ్వమంటే ఏ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుంటుంది? బర్క్ సవరణ లేకపోతే 1777లో అసలు ఏ పత్రమూ దక్కేది కాదని నా గట్టి నమ్మకం. అక్కడ రాష్ట్రాలు ముందు, దేశం తర్వాత. మన దగ్గర అలా కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ అంబేడ్కర్ ఈ తేడా గురించే చెప్పారు. భారత సమాఖ్య రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం వల్ల వచ్చింది కాదు, అందుకే విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు అన్నారు. ఇండియాలో పాలిటీ చదువుకుని అక్కడికి వెళ్లినవాళ్లు ఆర్టికల్స్ చదివితే వింతగా అనిపించేది ఇందుకే.

ఇక మీ చివరి ప్రశ్న, దీన్ని ఎలా రద్దు చేశారని. పద్ధతి ప్రకారం రద్దు చేయలేదు. పదమూడో అధికరణ ప్రకారం ఏ మార్పుకైనా పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. 1787 రాజ్యాంగం మాత్రం తన ఏడో అధికరణలో, తొమ్మిది చాలు అని రాసుకుంది. ఫిలడెల్ఫియాకు పంపింది ఆర్టికల్స్‌ను సవరించమని, వాళ్లు కొత్తది రాసుకొచ్చారు. 1788 జూన్ 21న న్యూ హాంప్‌షైర్ తొమ్మిదో రాష్ట్రమైంది. 1789 ఏప్రిల్ 30న వాషింగ్టన్ ప్రమాణం చేసేనాటికి ఉత్తర కరోలినా, రోడ్ ఐలాండ్ ఇంకా బయటే ఉన్నాయి. ఉత్తర కరోలినా అదే నవంబరులో చేరింది. ఫిలడెల్ఫియాకు అసలు ప్రతినిధులనే పంపని రోడ్ ఐలాండ్, తన సరుకును విదేశీ సరుకులా చూసి సుంకం వేస్తారన్న భయం ముంచుకొచ్చాక, 1790 మే 29న 34–32 ఓట్ల తేడాతో సరేనంది.